నూట ఇరవై ఏడు చుక్కల ముగ్గు

ఈ ఏడు భోగినాడు మా వాకిట్లో ముగ్గుకు కొలత నేనే చెప్పాను. మధ్య వరస 13 చుక్కలు, పైనా కిందా సందు చుక్కలు, 7 వచ్చేవరకు. ముగ్గు తెలిసినవాళ్ళకు ఆ ఒక్క మాట చాలు, ఆరు వైపులా సమంగా విచ్చుకున్న చుక్కల పరుపు కళ్ళముందు నిలుస్తుంది. నా భార్య చుక్కలు పెడుతూ పోయింది, నేను పక్కన నిలబడి ఎంచాను. సరిగ్గా 127. పాలకు వెళ్తున్న పక్కింటాయన ఆగి, ఏమిటి విశేషమని అడిగాడు. నూటయాభయ్యేళ్ళ పండుగ అన్నాను. ఎవరికని అడిగితే కాగితం తీసి చూపించాను.

17,01,41,18,34,60,46,92,31,73,16,87,30,37,15,88,41,05,727.

ముప్ఫైతొమ్మిది అంకెలు. ముగ్గులో మొదటి చుక్క దగ్గర ఒక బియ్యపుగింజ, రెండో చుక్క దగ్గర రెండు, మూడో చుక్క దగ్గర నాలుగు, ఇలా రెట్టింపు చేసుకుంటూ నూట ఇరవై ఏడో చుక్క దాకా పోస్తే మొత్తం గింజలు ఇన్ని. గణితంలో దీన్ని పొట్టిగా 2¹²⁷ − 1 అని రాస్తారు. దీనికి 1, ఇదీ తప్ప వేరే కారణాంకం లేదు. అంటే ఇది ప్రధాన సంఖ్య. ఆ సంగతి 1876 జనవరిలో లోకానికి చెప్పినవాడు ఫ్రెంచి గణితశాస్త్రజ్ఞుడు ఎదువార్ లూకా. సంఖ్యకు పుట్టుక లేదు, నిజమే. కానీ ఒక సంఖ్య స్వభావం మనిషికి తెలిసిన రోజంటూ ఒకటి ఉంటుంది. ఈ సంఖ్య విషయంలో ఆ రోజుకు ఇది సార్ధశతి. పండుగ చేసుకోవడానికి నాకు ఆ కారణం చాలు.

చిన్నప్పుడు ఏకం, దశం, శతం, సహస్రం అంటూ వల్లించిన స్థానాల వరస గుర్తుందా? అర్బుదం, ఖర్వం, పద్మం, శంఖం, క్షోభం, నిధి, ఇలా ఎక్కుతూ పోయి మహాభూరి దగ్గర ఆగేది. నేను నేర్చిన వరసలో అది ముప్ఫైఆరో స్థానం. దాని తర్వాత పేరు లేదు. మన సంఖ్య దాన్ని కూడా దాటి మూడు మెట్లు పైన నిలబడింది. ఆ కొలతలో చెప్పాలంటే సుమారు 1701 మహాభూరులు.

పద్యం చదువుకున్నవాళ్ళకు ఈ రెట్టింపుల ప్రయాణం కొత్త కాదు. పాదంలో ప్రతి అక్షరం లఘువో గురువో అయి తీరాలి. ఒక్క అక్షరానికి రెండు రకాలు, రెండు అక్షరాలకు నాలుగు, మూడింటికి ఎనిమిది. మన ఎనిమిది గణాలు అక్కడివే. ఉక్త నుంచి ఉత్కృతి దాకా 26 ఛందస్సుల్లో పుట్టే సమవృత్తాలన్నీ కలిపితే 13,42,17,726 అని లక్షణకారుల లెక్క. ఉత్పలమాల, చంపకమాల, శార్దూలం, మత్తేభం అంత పెద్ద అడవిలో నాలుగు చెట్లు. ఆ మొత్తానికి ఒకటి కలపండి, 2²⁷ − 1 అవుతుంది. ఛందస్సులు 26 దగ్గర ఆగకుండా 126 దాకా సాగి ఉంటే, అదే కూడికకు ఒకటి కలిపినప్పుడు వచ్చేది ఈనాటి మన సన్మానితురాలే.

అయితే 2²⁷ − 1 ప్రధాన సంఖ్య కాదు. 27లో 3 ఉంది కనుక, 2³ − 1 అయిన 7 దాన్ని నిశ్శేషంగా భాగిస్తుంది. పైనున్న ఘాతాంకం ప్రధానం కాకపోతే కింద వచ్చే సంఖ్య కూడా కాదు. పైది ప్రధానమైనంత మాత్రాన కిందిది అవుతుందన్న భరోసా కూడా లేదు. 11 ప్రధానమే, కానీ 2¹¹ − 1 అంటే 2047, అది 23 × 89. ఈ దోబూచులాటే వందల ఏళ్ళు గణితజ్ఞులను తన చుట్టూ తిప్పుకుంది.

పారిస్‌లో ఉండిన క్రైస్తవ సన్యాసి మెర్సెన్ 1644లో ఒక జాబితా ప్రకటించాడు. 257 వరకు ఘాతాంకాల్లో ప్రధాన సంఖ్యలనిచ్చేవి 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257 మాత్రమే అన్నాడు. అందులో 67, 257 తప్పు. 61, 89, 107 అతని కంటపడలేదు. 127 మాత్రం ఒప్పు. ఏ ఆధారంతో అన్నాడో రాయలేదు. 232 సంవత్సరాలు ఆ మాట రుజువు కోసం ఎదురుచూసింది. అతని పేరుమీదే ఈ వంశానికి మెర్సెన్ ప్రధాన సంఖ్యలన్న పేరు స్థిరపడింది.

ఎదురుచూపు అంతకాలం ఎందుకు సాగిందో ఒక లెక్క చెబితే తెలుస్తుంది. సంఖ్య ప్రధానమో కాదో తేల్చడానికి బడిలో నేర్పే దారి ఒకటే, దాని వర్గమూలం దాకా ఉన్న సంఖ్యలతో భాగించి చూడడం. మన సంఖ్యకు కారణాంకం ఉంటే అది 254 గుణిజానికి ఒకటి కలిపిన రూపంలోనే ఉండాలని ముందే తెలుసు, కాబట్టి చాలావాటిని వదిలేయవచ్చు. అలా వదిలేసినా మిగిలేవాటిని సెకనుకొకటి చొప్పున నిద్రాహారాలు మాని పరీక్షిస్తే 160 కోట్ల ఏళ్ళు పడుతుంది. ఆయిలర్ అంతటివాడు 1772లో 2³¹ − 1 దగ్గర ఆగాడు, అది పది అంకెల సంఖ్య. దాన్నిబట్టి వచ్చే పరిపూర్ణ సంఖ్యను (అదేమిటో ముందుముందు చెబుతాను) మించినదాన్ని ఎవరూ కనుక్కోబోరని, ప్రయోజనం లేని ఆ పనికి ఎవరూ పూనుకోరని 1811లో పీటర్ బార్లో అనే ఇంగ్లీషు గణితజ్ఞుడు రాశాడు కూడా. 1867లో లాంద్రీ పదమూడు అంకెల దాకా వచ్చాడు. తొమ్మిదేళ్ళ తర్వాత లూకా ఒక్క గెంతులో ముప్ఫైతొమ్మిది అంకెలకు చేరాడు.

లూకా 1842లో అమియాఁ పట్టణంలో పుట్టాడు. పారిస్ నక్షత్రశాలలో కొంతకాలం పనిచేశాడు. 1870 యుద్ధంలో ప్రష్యా మీద ఫిరంగిదళంలో అధికారిగా ఉన్నాడు. ఆ తర్వాత మూలాఁ ఊళ్ళో పిల్లలకు లెక్కలు చెప్పే పంతులు. విశ్వవిద్యాలయంలో పీఠం లేదు, చుట్టూ శిష్యబృందం లేదు. నేను కూడా లెక్కల పంతులుగానే బతుకు గడిపినవాణ్ణి, అందుకే ఆ ఒక్క వాక్యం దగ్గర నా చెయ్యి ఆగుతుంది. మధ్యాహ్నం బడి విడిచాక ఇంటికి వెళ్ళి, ప్రపంచంలో అంతవరకు ఎవరూ చూడనంత పెద్ద ప్రధాన సంఖ్యను బల్లమీద పరుచుకుని కూర్చున్న మనిషిని ఊహించుకోవడం నాకు ఇష్టం.

అతని ఉపాయం భాగహారాలను పూర్తిగా పక్కకు నెట్టేసింది. కారణాంకాల కోసం వెతకనే వెతకడు. 127కు అతను వాడిన వరస 3తో మొదలవుతుంది. వర్గం చేసి రెండు తీసేయాలి, 7. మళ్ళీ వర్గం చేసి రెండు తీసేస్తే 47. మళ్ళీ చేస్తే 2207. పరీక్షించాలనుకున్న సంఖ్యతో ప్రతిసారీ భాగించి శేషాన్ని మాత్రం ఉంచుకోవాలి. ఘాతాంకంలో రెండు తగ్గించి అన్నిసార్లు ఇలా చేశాక చివరి శేషం సున్నా వస్తే సంఖ్య ప్రధానం, రాకపోతే కాదు. ఘాతాంకాన్ని నాలుగుతో భాగిస్తే మూడు మిగిలేచోట ఈ పద్ధతి చెల్లుతుంది. 127కు అలా 125 వర్గాలు చాలు. 160 కోట్ల ఏళ్ళెక్కడ, 125 మెట్లెక్కడ!

ఈ 3, 7, 47 ఎక్కడివో కూడా చెప్పాలి. 1, 3, 4, 7, 11, 18, 29, 47 అంటూ ముందరి రెండూ కూడితే తర్వాతది వచ్చే అనుక్రమంలోవి. దాన్ని ఇప్పుడు లూకా సంఖ్యలనే అంటారు. దాని తోబుట్టువు 1, 2, 3, 5, 8 వరసకు ఫిబొనాచీ పేరు పెట్టింది లూకానే. ఆ వరసను ఫిబొనాచీకి శతాబ్దాల ముందే మన విరహాంకుడు మాత్రాఛందస్సులో లెక్కపెట్టాడు. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. అయిదు మాత్రలు ఎన్ని రకాలుగా నిండుతాయో రాసి చూడండి, ఎనిమిది వస్తాయి.

పద్ధతి చిన్న సంఖ్య మీద పనిచేస్తుందో లేదో చూద్దాం. 2⁷ − 1 అంటే 127. ఏడులో రెండు తీస్తే అయిదు మెట్లు. 3, 7, 47, 2207. ఇప్పుడు 2207ను 127తో భాగించాలి. ఇక్కడే ఈ వంశపు సంఖ్యల అసలు అందం బయటపడుతుంది. 99తో భాగించినప్పుడు శేషం కోసం ఏం చేస్తాం? రెండేసి అంకెలుగా విడదీసి కూడతాం. 2207 అయితే 22, 07, కలిపితే 29. వందకు ఒకటి తక్కువ కాబట్టి 99 ఆ సౌకర్యం ఇస్తుంది. 127 కూడా అంతే, 128కి ఒకటి తక్కువ. 2207లో 128లు 17, మిగిలింది 31. రెండూ కూడితే 48. భాగహారం అయిపోయింది! 48 వర్గంలోంచి రెండు తీస్తే 2302. అందులో 128లు 17, మిగిలింది 126, కూడితే 143, అందులోంచి 127 తీసేస్తే 16. నాలుగు మెట్లయ్యాయి. అయిదోది మిగిలింది, దాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

రెండు ఘాతానికి ఒక్కటి తక్కువ కావడమే మన సంఖ్యకు దక్కిన వరం. లూకా దాన్ని ఆటగా మార్చాడు. పక్కకు 127, కిందికి 127 గడులున్న చదరంగపు పలకను ప్రతిపాదించాడు, అంటే 16,129 గడులు. బంటు ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. ఒక వరసలో బంట్లే ఒక సంఖ్య. వర్గం చేయాలంటే ఆ వరసను ఒక్కో మెట్టు ఎడమకు జరుపుతూ, బంటు ఉన్న స్థానాలకు మాత్రమే కింద పేర్చాలి. ఎడమ అంచు దాటిన బంటు పోదు, తిరిగి కుడి అంచున వచ్చి కూర్చుంటుంది. అదే భాగహారం. ఒకే నిలువు వరసలో రెండు బంట్లు ఉంటే రెండూ తీసి ఎడమపక్కకు ఒకటి పంపాలి. ఎక్కం అక్కర్లేదు, గుణకారం అక్కర్లేదు. విద్యుత్తుతో నడిచే గణకయంత్రం పుట్టడానికి సుమారు డెబ్భై ఏళ్ళ ముందు, ఆ యంత్రం లోపల జరగబోయే పనిని ఒక పంతులు బంట్లతో చేసి చూపాడు. 1876 నాటి గణితంలో నాకు ఇంతకంటే ప్రియమైన దృశ్యం లేదు.

అదే పద్ధతితో మెర్సెన్ జాబితాలోని 67ను పరీక్షించి అది తప్పని చెప్పాడు. కారణాంకాలు ఏవో చెప్పకుండానే ఉన్నాయని చెప్పడం ఆ రోజుల్లో వింత. వాటిని 1903లో అమెరికాలో కోల్ బయటపెట్టాడు, 193707721 ఒకటి, 761838257287 రెండోది. 127 లెక్కను 1914లో ఫోకెంబెర్గ్ మళ్ళీ మొదటినుంచి చేసి సరేనన్నాడు. 1930లో లెమర్ పద్ధతిని చక్కదిద్ది, 3కు బదులు 4తో మొదలుపెట్టి అన్ని బేసి ప్రధాన ఘాతాంకాలకూ చెల్లేలా చేశాడు. 2024 అక్టోబరులో దొరికిన, నాలుగు కోట్ల పది లక్షలకు పైగా అంకెలున్న 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1ని ధ్రువీకరించింది ఈ లూకా-లెమర్ పరీక్షే.

డెబ్భయ్యైదు సంవత్సరాలు మన సంఖ్యను మించిన ప్రధాన సంఖ్య ఎవరికీ తెలియదు. 1951లో ఫెరియే అనే ఫ్రెంచివాడు మీటలు నొక్కే లెక్కల యంత్రం దగ్గర కూర్చుని నలభైనాలుగు అంకెల సంఖ్యను సాధించాడు. అదే ఏడాది కేంబ్రిడ్జిలో మిల్లర్, వీలర్ ఎడ్‌శాక్ కంప్యూటరుతో 79 అంకెలకు చేరారు. వాళ్ళు సాధించిన సంఖ్య ఏమిటో చూడండి: మన సంఖ్య వర్గాన్ని 180తో గుణించి ఒకటి కలిపినది. మించిపోయినవాడు కూడా ఈమె భుజాల మీద నిలబడే మించాడు. యంత్రం తోడు లేకుండా మనిషి తన చేత్తో సాధించిన ప్రధాన సంఖ్యల్లో ఇదే నేటికీ పెద్దది. ఇకముందు కూడా ఇదే ఉంటుందని నా నమ్మకం, చేత్తో చేసే ఓపిక ఎవరికుంది ఇప్పుడు?

ఇంకో గౌరవం కూడా ఈమెకు ఉంది. 28ని తీసుకోండి, దాన్ని భాగించే 1, 2, 4, 7, 14 కూడితే 28 వస్తుంది. అలాంటివి పరిపూర్ణ సంఖ్యలు. ప్రతి మెర్సెన్ ప్రధానం ఒక పరిపూర్ణ సంఖ్యకు తల్లి అని యూక్లిడ్ కాలం నుంచీ తెలుసు. మన సంఖ్యను 2¹²⁶తో గుణిస్తే 77 అంకెల పరిపూర్ణ సంఖ్య వస్తుంది.

1883లో లూకా ఒక ఆటవస్తువు తయారుచేశాడు. మూడు మేకులు, ఒకదానిమీద పెద్దది కింద, చిన్నది పైన వచ్చేలా బిళ్ళలు. ఒక్కోటీ జరుపుతూ, చిన్నదానిమీద పెద్దది పెట్టకుండా, మొత్తం ఇంకో మేకుకు చేర్చాలి. హనోయి గోపురమని పిలుస్తారు. కాశీలో ఒక ఆలయంలో 64 బంగారు బిళ్ళలను పూజారులు ఇలా జరుపుతుంటారని, అవి పూర్తయిననాడు ప్రళయమని ఒక కల్పిత కథ కూడా ఫ్రాన్సులో దీని చుట్టూ అల్లుకుంది. రెండు బిళ్ళలకు మూడు కదలికలు కావాలి. మూడు బిళ్ళలకు ఏడు. ఏడు బిళ్ళలకు 127. 127 బిళ్ళలకు? సరిగ్గా మన సంఖ్యన్ని. 2, 3, 7, 127, ఆపైన ఈమె. అయిదుగురూ ప్రధాన సంఖ్యలే. ఈ గొలుసును 1876లోనే కాతలాన్ గమనించి, ఇది ఇలాగే సాగుతుందా అని అడిగాడు. తర్వాతి సంఖ్య రాయాలంటే 5 తర్వాత 37 సున్నాలు పెట్టినన్ని అంకెలకంటే ఎక్కువ కావాలి. దాన్ని పరీక్షించే ఉపాయం ఇంకా ఎవరి దగ్గరా లేదు.

లూకా ఆ గొలుసు ఎటు సాగుతుందో చూడలేదు. 1891లో ఒక విందులో పింగాణీ పళ్ళెం పగిలి పెంకు చెంపకు గీసుకుంది, ఆ గాయం ముదిరి కొద్దిరోజుల్లోనే పోయాడు. నలభైతొమ్మిదేళ్ళు. ఈ పండుగ పూట ఆయనకొక నమస్కారం.

ప్రయోజనం లేని పని అన్న బార్లో మాటకు జవాబు కాలమే చెప్పింది. ధన, ఋణ గుర్తుతో కూడిన 128 బిట్ల పూర్ణాంకం కంప్యూటరులో మోయగల గరిష్ఠ విలువ సరిగ్గా ఈ సంఖ్య. ఐపీవీ6 పద్ధతిలో ఇంటర్నెట్ పరికరాలకు ఇవ్వగల చిరునామాల్లో సగం కంటే ఇది ఒకటి తక్కువ. 2015లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు కాస్టెలో, లోంగా రహస్య సమాచారాన్ని కాపాడేందుకు ఫోర్‌క్యూ అనే వక్రాన్ని ప్రతిపాదించినప్పుడు పునాదిగా ఈమెనే ఎంచుకున్నారు. ఎందుకని? అంచు దాటినది తిరిగి కుడివైపు వచ్చి కూర్చుంటుంది కనుక, భాగహారం కూడికగా మారుతుంది కనుక. లూకా బంట్లకు దొరికిన సుఖమే సిలికాన్‌కు కూడా దొరికింది.

కనుమనాటి సాయంత్రం ఆ మిగిలిన అయిదో మెట్టు ఎక్కాం. నడవలో సుద్దముక్కతో ఏడుకు ఏడు గడుల పలక గీశాను, లూకా పలకకు బుల్లి చెల్లెలు. బంట్లకు బదులు చింతపిక్కలు. వీధిలో పిల్లలు నలుగురు చుట్టూ కూర్చున్నారు, మా పక్కింటాయన కూడా వచ్చి గుమ్మం మీద కూర్చున్నాడు. 3, 7, 47, 48 దాటి 16 దగ్గరికి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. 16 అంటే కుడినుంచి అయిదో గడిలో ఒక్కటే చింతపిక్క. వర్గం చేయాలంటే దాన్ని నాలుగు గడులు ఎడమకు జరపాలి. ఒకటి, రెండు, అంచు వచ్చేసింది. మూడో అడుగుకు అది తిరిగి కుడి చివర ప్రవేశించింది, నాలుగో అడుగుకు పక్క గడిలో కూర్చుంది. ఆ గడి విలువ రెండు. ఇక రెండు తీసేయాలి కదా అన్నాను. అందరిలో చిన్నవాడు చెయ్యి చాపి ఆ పిక్కను ఎత్తేశాడు. నలభైతొమ్మిది గడులూ ఖాళీ.